మా ఊరు ఫ్లాష్‌బ్యాక్‌లో ఉంది

తెలుగు సినిమా భూగోళంలో రాయలసీమకు ఖాయమైన చోటొకటి ఉంది. ఇంటర్వెల్ దాటగానే వస్తుంది. మొదటి సగమంతా హీరో కాశీలో ట్యాక్సీ నడుపుతుంటాడు, లేదా మారుపేరుతో ఎవరింట్లోనో చాకిరీ చేస్తూ మనల్ని నవ్విస్తుంటాడు. ఎవడో రౌడీ చెయ్యి చేసుకుంటాడు. హీరో కళ్లు ఎర్రబడతాయి, గాలి లేస్తుంది, ఒక ముసలాయన వణుకుతూ చేతులు జోడించి ఆయన అసలు పేరు పలుకుతాడు. ఆ పేరు చివర తప్పకుండా రెడ్డి ఉంటుంది. విశ్రాంతి. సమోసా కొనుక్కుని లోపలికొచ్చేసరికి తెర మీద మేముంటాం. పాతికేళ్లుగా మేం అక్కడే, ఫ్లాష్‌బ్యాక్‌లోనే కాపురం చేస్తున్నాం.

నేను సినిమా పిచ్చోణ్ణి కాను. పండక్కొకటి చూస్తాను. సీరియళ్లు ఇంట్లోవాళ్లు చూస్తుంటే పక్కన కూర్చుని చూస్తాను, ఎందుకంటే రిమోట్ మీద నాకు హక్కు లేదు. వార్తలు మాత్రం సొంతంగా చూస్తాను. వాన కబురు చివర్లో చెప్తారు కాబట్టి, దానికి ముందొచ్చే రాజకీయాలన్నీ దారిఖర్చు కింద భరిస్తాను. ఈ మాత్రం అర్హతతో ఇంత పెద్ద మాటలు చెప్పొచ్చా అంటే, టీవీ చర్చల్లో కూర్చునేవాళ్ల అర్హతలు చూశాక నాకు ధైర్యమొచ్చింది.

2002 సంగతి చూడండి. దేశమంతా కరువు పడిన ఏడాది అది. మా అనంతపురం జిల్లాలో శెనక్కాయ చేలు ఎండిపోయినాయి. తెర మీద మాత్రం ఆ ఏడు సీమ విరగపండింది. ఆది, ఇంద్ర, చెన్నకేశవరెడ్డి, మూడు పంటలు ఒకే ఏట. మా నేలకు బోరు వేస్తే దుమ్ము వస్తుంది, సినిమావాళ్లు కెమెరా వేస్తే కోట్లొస్తాయి. భూగర్భ శాస్త్రవేత్తలు ఈ తేడా మీద ఇంకా దృష్టి పెట్టినట్లు లేదు.

ఇందులో ఇంద్ర కాస్త నయం, దాంట్లో నీళ్ల ప్రస్తావన ఉంది. సీమకు నీళ్ల కోసం హీరో ఉన్నదంతా వదులుకుని కాశీకి పోతాడు. మిగతావాటిలో నీళ్ల కొరత ఎక్కడా కనపడదు, నెత్తురు కొరత అంతకన్నా లేదు. పైగా పాటొస్తే వాన. హీరోయిన్ తడిసినంత వాన మా మండలంలో ఒక్కసారి పడితే విత్తనం పడిపోతుంది. ఆ వాన ఎట్లా కురుస్తుందో తెలిసినప్పుడు నాకు నవ్వాలో ఏడ్వాలో తోచలేదు. ట్యాంకర్లతో నీళ్లు తెప్పించి, పైపులెత్తి, పైనుంచి జల్లిస్తారంట. ఎండాకాలం మా పల్లెలకు నీళ్లొచ్చేదీ ట్యాంకర్లలోనే. అంటే సాంకేతికంగా మా పల్లెల్లో రోజూ పాట చిత్రీకరణే జరుగుతోంది, బిందెలతో వరుసలో నిలబడ్డవాళ్లంతా గ్రూప్ డ్యాన్సర్లు.

వాన ఎందుకు పడదంటే కారణం పాఠ్యపుస్తకంలోనే ఉంది. నైరుతి మబ్బు పడమటి కనుమల మీద బరువంతా దించుకుని, ఉత్త చేతులతో మా మీదుగా పోతుంది. ఈశాన్యం మబ్బు సముద్రం నుంచి బయల్దేరి కోస్తాలో చుట్టాలందరినీ పలకరించుకుంటూ వచ్చేసరికి ఖాళీ అవుతుంది. రెండు రుతుపవనాలకూ మేం చివరి స్టాపు. అన్నీ కలిపి ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దరిదాపు చిల్లర. మరి 2003లో వచ్చిన సినిమాలో పల్నాటి బ్రహ్మనాయుడు తొడ కొడితే రైలే వెనక్కి పోయింది కదా! రైలంటే పట్టాల మీద పోయేది, బరువైనది. మబ్బుకు బరువెంత? ఆ తొడేదో మా చేని గట్టు మీద కొట్టి ఉంటే బెంగళూరు దారి పట్టిన మబ్బు తిరిగొచ్చేది. కానీ ఏ రచయితకూ తట్టలేదు. తొడ కొట్టడం పల్నాడుకు రాసి, తల నరకడం మాకు రాసినారు.

వాళ్లననీ లాభం లేదు. కరువుతో వచ్చిన చిక్కేమంటే అందులో ఏమీ జరగదు. జూలైలో విత్తనం వేస్తాం. మొలుస్తుంది. పూత వస్తుంది. ఊడలు దిగే వేళకు పదును కావాలి, ఆకాశం వైపు చూస్తాం. పది రోజులు చూస్తాం. ఇరవై రోజులు చూస్తాం. ఆకు ముడుచుకుంటుంది. ఇందులో డైరెక్టరు ‘యాక్షన్’ అని ఎక్కడ అరవాలి? కత్తి లేచే క్షణం ఒకటుంటుంది కాబట్టి ఫ్యాక్షన్‌కు ఇంటర్వెల్ బ్యాంగ్ ఉంది. పడని చినుకుకు క్లోజప్ ఎట్లా పెడతారు? పైగా ఫ్యాక్షన్ తగ్గిందని పోలీసులే చెప్తారు, అందుకే అది ఫ్లాష్‌బ్యాక్‌కు పనికొచ్చింది. కరువు ఎప్పుడూ పోలేదు, దానికి ఫ్లాష్‌బ్యాక్ వేసే వీలే లేదు.

మా బామ్మర్దికి ఈ సిద్ధాంతం నచ్చలేదు. వాడు నాకన్నా గట్టి ప్రేక్షకుడు. “ఏం బావా, సుమోలు లేసేటప్పుడు ఈలేసినోడివి నువ్వు గాదా?” అంటాడు. వేసినా. ఎవరు వేయరు? కానీ సుమోల విషయంలోనే ఒక విచిత్రం జరిగింది, దాన్ని ఏ చానలూ పట్టించుకోలేదు. 2019లో టాటావాళ్లు సుమోల తయారీ ఆపేసినారు. అదే ఏడాది ఆగస్టులో మా పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ నుంచి మొదటి సెల్టోస్ బయటికొచ్చింది. సీమ సినిమాకు ప్రాణాధారమైన బండి ఆగిన ఏడాదే సీమ సొంతంగా బండి కన్నదన్న మాట. ఇంత పెద్ద వారసత్వ కథ, ఒక్క రచయితకూ పట్టలేదు. నేను చూసినంతలో మా ఊరి కారు ఇంతవరకూ ఏ సినిమాలోనూ గాల్లోకి లేవలేదు. స్థానికులకు ఉద్యోగాలు అడిగే నాయకులు ఈ అన్యాయం గురించి కూడా అడగాలి.

టీవీ వార్తలదీ అదే జబ్బు, కాకపోతే ఇరవై నాలుగు గంటలూ. 2022 అక్టోబరులో నడిమివంక పొంగి అనంతపురం కాలనీలు మునిగినాయి. కెమెరాలన్నీ దిగినాయి. మోకాటిలోతు నీళ్లలో నిలబడి, గొంతు చించుకుని, కరువు సీమలో వరద అని చెప్పినారు. అంతకుముందు ఎన్నో ఏళ్లు ఆ వంక ఎండిపోయి ఉన్నప్పుడు దానికి మైకు పెట్టినవాళ్లు లేరు. ఎండిన వంకను ఆక్రమించుకుని ఇళ్లు కట్టినప్పుడూ లేరు. మా జిల్లా టీవీలో కనపడాలంటే ముందు మునగాలి.

ఇక 2024 ఆగస్టు. పదో తేదీ రాత్రి తుంగభద్ర డ్యామ్ 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. ఆ డ్యామ్ ఉండేది కర్ణాటకలో హొస్పేట దగ్గర, కానీ మా ఎగువ కాలువకు నీళ్లు అక్కణ్ణుంచే రావాలి. నిండుకుండ కళ్ల ముందే ఖాళీ అవుతుంటే మాకు వారం రోజులు నిద్ర లేదు. చానళ్లకూ లేదు, వాళ్లకు సంతోషంతో. అప్పుడొచ్చినాడు కన్నయ్యనాయుడనే విశ్రాంత ఇంజినీరు. ప్యాంటూ చొక్కా, నెత్తి మీద టోపీ, వెనక సుమోలు లేవు, బీజీఎం లేదు. నీళ్లు ఉరుకుతుండగానే స్టాప్‌లాగ్‌లు ఒక్కొక్కటీ దింపించి ఖాళీని మూయించినాడు. ఆ పెద్దమనిషి పని అయిన ఐదారు రోజులకే, ఆగస్టు 22న, ఇంద్ర సినిమా మళ్లీ విడుదలైంది. థియేటర్ల దగ్గర డప్పులు, కాగితం ముక్కలు, పాలాభిషేకాలు. ఒకే నెలలో సీమ నీళ్లను కాపాడిన ఇద్దరు హీరోలు. ఫ్లెక్సీ ఎవరికి పడిందో నేను చెప్పాల్సిన పని లేదు. నిజం చెప్పాలంటే నేను కూడా ఇంద్రకే పోయినా. నీళ్ల కోసం ఆస్తి వదులుకునే మనిషిని చూడాలంటే ఇంకెక్కడికి పోతాం?

తుపాకులు లేని సీమ కథ చెప్పలేరా అని అడిగేవాళ్లకు 2016 గుర్తు చేస్తాను. ఆ ఆగస్టులో ప్రభుత్వమే మా చేలల్లోకి రెయిన్‌గన్లు తెచ్చింది. ముఖ్యమంత్రి చంద్రబాబు స్వయంగా జిల్లాకొచ్చి వాటి పని చూసినారు. సీమ గడ్డ మీద, పట్టపగలు, కెమెరాల ముందు గన్నులు పేల్చి ఒక్క ప్రాణం కూడా పోకపోవడం అదే మొదలు. గన్ను తిరుగుతూ నీళ్లు చిమ్ముతుంటే చూడ్డానికి నిజంగా బాగుండేది. ఒక్కటే లోటు. ఆ గన్నులోకి పోయాల్సిన నీళ్లు కూడా వానే కురిపించాలి.

సీరియళ్లను చిన్నచూపు చూడొద్దు, మా బతుకుకు సినిమా కన్నా అవే దగ్గర. కార్తీకదీపం 2017లో మొదలై 2023 జనవరి దాకా నడిచింది. డాక్టరుబాబు ఒక్క డీఎన్‌ఏ పరీక్ష చేయించుకుంటే ముగిసిపోయే కథ, ఐదేళ్లకు పైగా. లోకమంతా ఎగతాళి చేసింది. మేం చేయలేదు. మా శెనక్కాయ పంటల బీమా అదే పద్ధతిలో నడుస్తుంది. చేను ఎండిందని రైతుకు తెలుసు, అధికారికి తెలుసు, గట్టు మీద మేకకు కూడా తెలుసు. కానీ మండలంలో పెట్టిన వాతావరణ యంత్రం దగ్గర ఒక జల్లు పడింది. యంత్రం తడిసింది కాబట్టి చేను కూడా తడిసినట్లే. చేనికొచ్చి ఒక్కసారి చూస్తే చాలన్న చోట, కథ తర్వాతి ఎపిసోడ్‌కు పోతుంది. ఈ పరిస్థితిలో ఆ సీరియల్లో వంటలక్క ఏడుపు మాకు అతిగా తోచదు, జిల్లా సమీక్షా సమావేశం చూస్తున్నట్లే ఉంటుంది.

2023లో బిగ్‌బాస్ ఏడో సీజన్‌లో పల్లవి ప్రశాంత్ రైతుబిడ్డగా ఇంట్లోకి పోయి గెలిచి వచ్చినాడు. సెప్టెంబరు 3 నుంచి డిసెంబరు 17 వరకు, 105 రోజులు. మా కదిరి పరిశోధన కేంద్రం ఇచ్చిన కదిరి-6 శెనక్కాయ పంటకాలం కూడా ఇంచుమించు అంతే. ఆ ఖరీఫ్‌లో ఆంధ్రప్రదేశ్‌లో 103 మండలాలను కరువు మండలాలుగా ప్రకటించినారు, మావి కూడా అందులో ఉన్నాయి. రైతు అనే మాట తెలుగు టీవీలో రాత్రి తొమ్మిదిన్నరకు అన్ని రోజులు వరసగా వినపడటం నా ఎరుకలో ఎప్పుడూ లేదు. ఆ పిల్లోడి మీద నాకు కోపం లేదు, గెలిచినాడు, సంతోషం. బయటి రైతులకు కూడా వారానికొకసారి నాగార్జున వచ్చి, ఈ వారం ఎవరు సేఫో చెప్పిపోతే బాగుంటుందని మాత్రం అనిపించింది. ఎలిమినేట్ అయినవాళ్లను ఎట్లాగూ బెంగళూరు బస్సు తీసుకుపోతుంది.

బాలకృష్ణను వదిలి సీమ సినిమా గురించి రాస్తే మా హిందూపురంవాళ్లు ఊరుకోరు. అక్కడ 1985 నుంచి వరుసగా మూడుసార్లు ఎన్టీఆర్, 2014 నుంచి వరుసగా మూడుసార్లు బాలకృష్ణ గెలిచినారు. అఖండ కథ నడిచేది అనంతపురంలోనే. ఇక డాకు మహారాజ్‌లో ఆయన నీటిపారుదల ఇంజినీరు. ఈసారి కచ్చితంగా మనదే అనుకున్నాను. తీరా చూస్తే ఇంజినీరు నీళ్ల సమస్య మీద పోరాడటానికి చంబల్ లోయకు పోయినాడు. విజయోత్సవానికి మాత్రం 2025 జనవరిలో అనంతపురం వచ్చినాడు. జనం ఇసుకేస్తే రాలనంత. మా దగ్గర ఇసుకకైతే కొరత లేదు, కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు పోతే దిబ్బలే ఉన్నాయి.

మాకు కళ చేతగాదనుకోవద్దు. మాయాబజార్ తీసిన కె.వి.రెడ్డి మా తాడిపత్రిలో పుట్టినాడు. ఖాళీ అయిన పళ్లేల్లోకి భోజనం దానంతటదే వచ్చి పడే దృశ్యం కరువు జిల్లా మనిషి తీయక ఇంకెవరు తీస్తారు? ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలు ఆడించేవాళ్లున్నారు, వాళ్లలో దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. విరాటపర్వం ఆడిస్తే వాన పడుతుందని వెనకటి నమ్మకం. ఇప్పుడు ఆటకు పిలిచేవాళ్లు తగ్గి, అదే తోలుతో ల్యాంప్‌షేడ్లు చేస్తున్నారు. కీచకుణ్ణి చంపి వాన తెప్పించిన భీముడు ఏ నగరంలోనో సోఫా పక్కన వెలుగుతున్నాడు. బండి నారాయణస్వామి శప్తభూమికి 2019లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది, హండే రాజుల కాలపు అనంతపురం అంతా అందులో ఉంది. సినిమావాళ్లెవరైనా చదివితే బాగుండు. గుర్రాలు కూడా ఉన్నాయి, కావాలంటే లేపుకోవచ్చు.

బామ్మర్ది చివరికి విసుగొచ్చి, “అంత బాధుంటే నువ్వే కత రాసుకోని ఫిలింనగర్ పోరాదా బావా” అన్నాడు. పోతే ఏమవుతుందో నాకు తెలుసు.

“హీరో ఎవరు?” అంటాడు నిర్మాత.

“ఐదెకరాల రైతు సార్.”

“విలన్?”

“మబ్బు.”

“కనపడతాడా?”

“దినామూ కనపడతాడు సార్. వస్తాడు, చూస్తాడు, పోతాడు.”

“ఫైట్లు ఎన్ని?”

“మూడు బోర్లు. మొదటిది మున్నూరు అడుగులు, రెండోది ఆర్నూరు, మూడోది వెయ్యి. ఒకదానికన్నా ఒకదానికి దుమ్ము ఎక్కువ లేస్తుంది.”

“దుమ్ము లేవడం బాగుంది. క్లైమాక్స్?”

“బెంగళూరు బస్సెక్కుతాడు సార్.”

“ఛ, అట్లా కాదయ్యా. వాన పడాలి. తడుస్తూ ఏడవాలి, ఏడుస్తూ నవ్వాలి. ఇరవై ట్యాంకర్లు పెడదాం. మీ ఊర్లో దొరుకుతాయిగా?”

“ఎండాకాలం కష్టం సార్, పల్లెలకు తోలుతుంటారు.”

“వానాకాలం తీద్దాం.”

“అప్పుడూ తోలుతుంటారు సార్.”

నిర్మాత కాసేపు ఆలోచిస్తాడు. తర్వాత మేనేజరును పిలిచి రామోజీ ఫిలింసిటీలో డేట్లు కనుక్కోమంటాడు, అనంతపురం సెట్టు అక్కడే వేసేద్దామంటాడు. నేను లేచి గుమ్మం దాకా వచ్చాక వెనక నుంచి పిలిచి అడుగుతాడు:

“ఇంతకీ అనంతపురమంటే ఆ కొండారెడ్డి బురుజు ఉండేదే కదా?”