పార్ట్‌వన్ పంతులు

పార్ట్‌వన్ పంతులుది ఏ ఊరంటే చెప్పడం కష్టం. గోథెన్‌బర్గ్‌లో ఒకడుంటాడు, బెర్లిన్‌లో ఇద్దరుంటారు, మియాపూర్ అపార్ట్‌మెంట్లలో అంతస్తుకొకడుంటాడు. వయసు ముప్పైకీ నలభైకీ మధ్య. ఉద్యోగం కంప్యూటరు ముందు, విశ్రాంతీ కంప్యూటరు ముందే. ఏ దేశంవాడైనా గుర్తు మాత్రం ఒకటే. తనకు నచ్చిన ఆటకు రెండో భాగం వస్తే మొదటి రోజే కొంటాడు, రెండో రోజే పెదవి విరుస్తాడు, మూడో రోజు నుంచి కనిపించిన ప్రతివాడితో "ఎంతైనా పార్ట్ వన్ పార్ట్ వన్నేనండీ" అంటాడు.

సినిమాలకూ ఇలాంటివాళ్లున్నారు గానీ వాళ్లు మూడు గంటల్లో హాలు బయటికొచ్చేస్తారు. పంతులు రాడు. నచ్చలేదన్న ఆటలో ముప్పై గంటలు కూర్చుంటాడు. పప్పులో ఉప్పు లేదని గొణుగుతూనే మారు వడ్డించుకునే పెద్దమనిషి ప్రతి పెళ్లి పంక్తిలోనూ ఉంటాడు కదా, ఆ వంశమే ఇది.

పంతుల్ని నిండుగా చూడాలంటే 'స్టీమ్‌వరల్డ్ డిగ్ 2' అనే ఆట ముందు కూర్చోబెట్టాలి. దీని పార్ట్ వన్‌ను గోథెన్‌బర్గ్‌లోని ఇమేజ్ అండ్ ఫామ్ అనే చిన్న స్టూడియో 2013 ఆగస్టులో నింటెండో 3డీఎస్ అనే చేతి ఆటయంత్రం మీద విడుదల చేసింది. పశ్చిమ అమెరికా కౌబాయ్ సినిమాల్లో కనిపించేలాంటి ఎడారి. అందులో టంబుల్టన్ అనే ఈసురోమంటున్న ఊరు. ఆవిరితో నడిచే రస్టీ అనే మరమనిషి, అతనికి జో వదిలిపోయిన గని. ఈ జో రస్టీకి అంకుల్ అవుతాడు, మామయ్యో బాబాయో మనమే తేల్చుకోవాలి. చేతిలో ఒక పికాసు. తవ్వాలి, దొరికిన రాళ్లు సంచిలో వేసుకోవాలి, పైకెక్కి ఊళ్లో అమ్మాలి, ఆ డబ్బుతో పికాసును గట్టిచేయించుకోవాలి, ఇంకాస్త లోతుకు దిగాలి. ఆట మొత్తం ఇంతే. ఇంతే అనుకుని రాత్రి తొమ్మిదింటికి మొదలుపెట్టినవాడికి ఒంటిగంట ఎప్పుడైందో తెలియదు.

ఎందుకు తెలియదో చూడాలంటే పంతులు వెనకాల ఒక పది నిమిషాలు నిలబడితే చాలు. సంచి దాదాపు నిండింది. లాంతరు వెలుగు తగ్గుతోంది. చుట్టూ చీకటి ముసురుకుంటోంది. పైకెళ్లిపోవడమే బుద్ధిమంతుల పని, పంతులుకూ తెలుసు. కానీ ఎడమవైపు రెండు గళ్ల అవతల మట్టిలో ఏదో తళుక్కుమంది. అది తవ్వాడు. దాని కింద ఇంకోటి. అదీ తవ్వాడు. ఇప్పుడు సంచిలో చోటు లేదు. చవక రాయిని పారేసి ఖరీదైన రాయిని పెట్టుకుని, పారేసిన రాయి వైపు కన్నకొడుకును హాస్టల్లో వదిలొచ్చిన తండ్రిలా చూస్తాడు. ఇంతలో వంటింట్లోంచి పిలుపు.

"ఏవండీ, మజ్జిగ కూడా పోసేశాను, వస్తారా?"

"పైకి రాగానే వచ్చేస్తానోయ్!"

కూర్చున్నది నాలుగో అంతస్తు. ఇంకా పైకి ఎక్కడికి వెళ్లాలో ఆవిడకు అర్థం కాలేదు. పెళ్లయిన కొత్తలో అడిగేది, ఇప్పుడు అడగడం మానేసింది.

రెండో భాగం 2017 సెప్టెంబర్‌లో వచ్చింది. 21న నింటెండో స్విచ్ మీద, 22న కంప్యూటర్లలో, 26న ప్లేస్టేషన్ 4లో. పంతులుది కంప్యూటరు కాబట్టి స్విచ్ వాళ్లకన్నా ఒక్క రోజు వెనకబడ్డాడు. ఆట మీద అతని మొదటి అభియోగం అప్పుడే, ఆట తెరవకుండానే నమోదైంది.

ఈసారి రస్టీ కనిపించకుండా పోయాడు. మొదటి ఆటలో ఊళ్లో పక్కపాత్రగా ఉన్న డొరొతీ, ముద్దుగా డాట్, అతన్ని వెతుక్కుంటూ ఎల్ మషీనో అనే పట్నానికి వస్తుంది. అక్కడ భూకంపాలు. వాటికీ రస్టీకీ ఏదో లంకె ఉందని ఊళ్లో గుసగుసలు. కథ ఎటు పోతుందో ఇక్కడ చెప్పడం ధర్మం కాదు. పంతులుకు ఆ ధర్మం పట్టదు. "కథ చెప్పను గానీ..." అని మొదలుపెట్టి కథంతా చెప్పేస్తాడు. చివర "నాకు ముందే తెలుసు" అని కలుపుతాడు.

ఇక అసలు ఫిర్యాదు. మొదటి ఆటలో గనిని కంప్యూటరే అల్లుకునేది. కొత్త ఆట మొదలుపెట్టినప్పుడల్లా మట్టీ రాళ్లూ ఖనిజాలూ వేరే చోట్లలో పడేవి. రెండో భాగంలో ఆ పద్ధతి తీసేసి గని మొత్తాన్ని మనుషులు గడి గడి చేత్తో పేర్చారు. "అంటే ఎవరు ఆడినా అదే గనా? ఎన్నిసార్లు ఆడినా అదే గనా? ఆత్మ పోయిందండీ!" అని పంతులు బల్ల గుద్దుతాడు.

బాగానే ఉంది. మరి మొదటి ఆటను తమరు ఎన్నిసార్లు ఆడారు?

ఒకసారి.

నవ్వకండి, ఇక్కడ కాస్త ఆగి చూడాల్సిన విషయం ఉంది. ఒక్కసారే ఆడినవాడికి గని యంత్రం అల్లినదైనా మనిషి పేర్చినదైనా ఒకే ఒక్క గని. పక్కవాడి గనిలో నీలం రాయి ఎక్కడుందో ఇతనికి తెలిసే అవకాశమే లేదు. పైగా మొదటి ఆటలో కూడా బుర్రకు పనిపెట్టే పక్క గుహలు చేత్తో కట్టినవే, యాదృచ్ఛికంగా మారింది వాటి చుట్టూ ఉన్న మట్టే. రెండో భాగంలో మారిందల్లా ఆ మట్టికీ ఒక ఉద్దేశం రావడం. ఎక్కడో ఒక రాయి వరసతప్పి ఉందంటే ఎవరో కావాలని పెట్టారన్నమాట. దాని వెనక గది ఉంది. గదిలో పెట్టె ఉంది. ఈ నమ్మకం కుదిరాక తవ్వడం కూలిపని కాదు, ఆట కట్టినవాడితో దాగుడుమూతలు. ఈ వ్యాసకర్త ఓటు చేత్తో కట్టిన గనికే. పంతులు ఓటూ దానికే, కాకపోతే అతనికి ఆ సంగతి తెలియదు.

అతని చేతులకు మాత్రం బాగా తెలుసు. రెండో భాగంలో మొత్తం 42 పురాతన వస్తువులు దాచిపెట్టారు. పంతులు ప్రతి గోడనూ బజారులో పుచ్చకాయను తట్టినట్టు తట్టి చూస్తాడు. పైకప్పు తడతాడు, జలపాతం వెనక దూరతాడు. రెండు రోజుల క్రితం దాటొచ్చిన సొరంగం నిద్రలో గుర్తొచ్చి, "ఆ మూల ఒక గడి తేడాగా ఉంది కదూ" అని అర్ధరాత్రి లేచి కూర్చుంటాడు. 41 దొరికాయి. నలభై రెండోది దొరకదు. మూడు సాయంత్రాలు గడిచాయి. నాలుగో సాయంత్రం తలుపు దగ్గరగా వేసి, ఫోను వెలుతురు తగ్గించి, ఎవరో పెట్టిన వీడియో చూశాడు. ఈ మాట ఎవరితోనూ అనడు. "గైడు చూసి ఆడేదాన్ని ఆటంటారా?" అని వారం కిందటే తమ్ముడికి క్లాసు పీకాడు మరి.

ఆడలేక మద్దెల ఓడన్నవాణ్ణి మనం ఎరుగుదుం. పంతులు అంతకన్నా ఒక మెట్టు పైన ఉంటాడు. అతనికి మద్దెల మరీ బాగా మోగినా కష్టమే. డాట్‌కు కొక్కెం ఒకటి ఇచ్చారు. గోడకు గురిపెట్టి వదిలితే అతుక్కుని అమాంతం లాక్కుపోతుంది. అది దొరికిన మొదటి గంటలో పంతులు చిన్నపిల్లాడైపోయాడు. అవసరం లేని చోట కూడా ఈ గోడ నుంచి ఆ గోడకు, ఆ గోడ నుంచి ఈ గోడకు ఊగాడు. తర్వాత వీపున జెట్ ఇంజన్ వచ్చింది. ఇప్పుడు ఎగరొచ్చు. "ఎగిరేవాడికి తవ్వుడెందుకు? ఆట మరీ తేలికైపోయింది" అన్నాడు. ఈ మాటలో మాత్రం పస ఉంది. చివరి భాగంలో ఒకప్పుడు చెమటలు పట్టించిన అగాధాల మీదుగా గాల్లో తేలిపోవచ్చు, లోతంటే భయం పోతుంది. పంతులు పదింట్లో రెండు మాటలు సరిగ్గానే అంటాడు. చిక్కేమిటంటే పదీ ఒకే గొంతుతో అంటాడు.

తేలిక అన్నాడు కదా అని, చివర్లో ఉన్న డేవీ బ్లీక్ పరీక్ష గుహలోకి వెళ్లమన్నారు మిత్రులు. గురి తప్పకుండా దూకడం వచ్చినవాళ్ల కోసం కట్టిన చోటది. వెళ్లాడు. గంటన్నర తర్వాత చెవులు ఎర్రబడి బయటికొచ్చి "ఇది అన్యాయం" అన్నాడు.

ఆ కోపం చల్లారకుండానే తర్వాత ఇంకో రెండో భాగంలో పడ్డాడు. డెరెక్ యూ చేసిన 'స్పెలంకీ'కి 2020 సెప్టెంబర్‌లో వచ్చిన 'స్పెలంకీ 2'. మొదటి ఆటలోని గుహల వీరుడి కూతురు ఆనా అమ్మానాన్నల్ని వెతుక్కుంటూ చంద్రుడి మీదికి పోతుంది. ఇక్కడ పంతులు కోరుకున్నదంతా ఉంది. గుహలు ప్రతిసారీ కొత్తగా పుడతాయి, చస్తే మళ్లీ మొదటికి. అతని సంతోషం సరిగ్గా మొదటి గుహలో నాలుగో నిమిషం దాకా ఉంది. కొమ్ముల బల్లి ఒకటి బంతిలా దొర్లుకుంటూ వచ్చి గుద్దింది, పక్కకు గెంతితే నేలలోంచి చుంచు ఒకటి కరిచింది. ఇరవైమూడోసారి చచ్చాక పంతులు తీర్పు చెప్పాడు. "ఎవరో ఒకరు కూర్చుని చేత్తో పద్ధతిగా కట్టి ఉంటే బాగుండేది. అసలు దీనికన్నా పార్ట్ వన్..."

డబ్బు సంగతికొస్తే పంతులు ఆటను కిలోల లెక్కన కొంటాడు. ధరను గంటలతో భాగిస్తాడు. మొదటి 'డిగ్' అయిదారు గంటల్లో అయిపోయిందని అప్పట్లో గొడవ చేసింది ఇతనే. రెండోది దాదాపు రెట్టింపు ఉంటే "సాగదీశారు" అన్నదీ ఇతనే. కంప్యూటరు ఆటలమ్మే స్టీమ్ దుకాణంలో ఒక మంచి నియమం ఉంది. కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటలకన్నా తక్కువ ఆడి ఉంటే, సరుకు నచ్చలేదని డబ్బు వెనక్కి అడగొచ్చు. పంతులు ప్రతిసారీ అడుగుదామనే అనుకుంటాడు. గంటా యాభై నిమిషాల దగ్గర కచ్చితంగా అనుకుంటాడు. "ఈ సంచి నిండాక అమ్మేసి, ఆపేసి, డబ్బు అడిగేద్దాం" అనుకుంటాడు. సంచి అమ్మి వచ్చి చూసుకుంటే రెండు గంటల ఇరవై నిమిషాలు.

అదే దుకాణంలో ఇంకో ఏర్పాటు కూడా ఉంది, పంతులు పాలిట యముడది. ఆట గురించి ఎవరేం రాసినా, రాసినవాడు ఎన్ని గంటలు ఆడాడో ఆ రాత పైనే కనిపిస్తుంది. దాచడానికి లేదు. ముందు బొటనవేలు పైకో కిందికో చూపించి మరీ రాయాలి. పంతులు 'డిగ్ 2' మీద రెండు సాయంత్రాలు కూర్చుని మహజరు రాశాడు. ఆత్మ పోయిందన్నాడు. రస్టీకి అన్యాయం జరిగిందన్నాడు. బాస్‌లతో, అంటే పెద్ద శత్రువులతో, పోరాటాలు ఇంకా ఉండాల్సిందన్నాడు. చక్రాల్లాంటి కాగ్‌లను పరికరాల్లో బిగించి, వద్దనుకుంటే విప్పి వేరే దాంట్లో పెట్టుకునే ఏర్పాటు మాత్రం "పరవాలేదు" అన్నాడు. పంతులు నోట పరవాలేదు అంటే మనలాంటివాళ్లు లేచి చప్పట్లు కొట్టడంతో సమానం. కొండను తవ్వి ఎలుకను పట్టారని సామెత కూడా వాడాడు, తవ్వకం ఆటకు సామెత కుదిరిందని తనలో తానే మురిసిపోయాడు. అంతా రాశాక వేలు ఎటు చూపించాలో తేలక కాసేపు కుర్చీలో అటూ ఇటూ కదిలాడు.

వేలు పైకే చూపించాడు. పైన గంటల గడిలో అంకె 34.

'డిగ్ 2' తర్వాత ఆ మరమనుషుల లోకంలోంచి 2019లో పేకముక్కలతో యుద్ధం చేసే 'క్వెస్ట్' వచ్చింది, 2023లో పైన ఊరు కట్టి కింద గని తవ్వించే 'బిల్డ్' వచ్చింది, 2024లో 'హైస్ట్ 2' వచ్చింది. పంతులు మూడూ కొన్నాడు, మూడింటి కిందా ఒకటే వాక్యం రాశాడు: "డిగ్ 3 ఎప్పుడు?"