నర్సరీ చీటీకి టీకా తాత్పర్యం

మూలము: "ఫారిన్ మనీ ప్లాంట్. నీడలో పెట్టవలెను. నీళ్లు తక్కువ."

ప్రతిపదార్థము: ఫారిన్ = పరదేశమందు పుట్టినదియగు; మనీ ప్లాంట్ = ఇంటింటా నీళ్ల సీసాలో బతుకు తీగ; నీడలో = నేరుగా ఎండ తగలని వెలుతురునందు (చీకటి మూలలో అని అర్థం చెప్పినవారు మొక్క పోయాక మాట మార్చారు); పెట్టవలెను = ఉంచవలెను; నీళ్లు తక్కువ = పైమట్టి అంగుళం మేర ఆరినాకే పోయవలెను. కాదని రోజూ పోస్తే వేరు కుళ్లును.

తాత్పర్యము: కుండీలో ఉన్నది ఫిలోడెండ్రాన్. చీటీ రాసినవాడికి పేరు నోరు తిరగలేదు, ధర తిరిగింది.

విశేషాంశము: 'ఫారిన్' అన్న విశేషణం దండగ. మన మనీ ప్లాంట్ పుట్టిల్లు పసిఫిక్‌లో తహితి పక్కనున్న మూరియా దీవి. ఫిలోడెండ్రాన్‌లది అమెరికా ఖండాల ఉష్ణమండలం. ఇద్దరూ ఫారినే.

పూర్వపక్షము: గుండె ఆకారపు ఆకు గలది ఫిలోడెండ్రాన్ అందామా?

ఖండన: అతివ్యాప్తి దోషం. తమలపాకూ తిప్పతీగా కూడా వచ్చి ఆ పీటమీదే కూర్చుంటాయి.

సిద్ధాంతము: ఆకును వదిలి కాడను పట్టుకొనుము. మనీ ప్లాంట్ కాడ పైభాగాన బొటనవేలు నడిపితే గాడి తగులుతుంది. ఆ పోలికే ఉన్న గుండె ఆకు ఫిలోడెండ్రాన్ కాడ నున్నగా, గుండ్రంగా జారిపోతుంది. చాలదంటే కొత్త చిగురు కోసం ఆగండి. ఫిలోడెండ్రాన్ చిగురు పలచని పొరతో చేసిన ఒరలో చుట్టుకొని వస్తుంది. ఆకు విచ్చాక ఒర ఎండి గోధుమరంగుకు తిరిగి రాలిపోతుంది. మనీ ప్లాంట్‌కు ఆ ఒర లేదు, పాత ఆకు కాడలోంచే కొత్తది విచ్చుకుంటుంది.

ఇక ఆకులో చిల్లులుంటే ఫిలోడెండ్రానే అనువారు కలరు. అది తరచు మాన్‌స్టెరా అను వేరొక తీగ. మనీ ప్లాంట్ సైతం పెద్ద చెట్టెక్కిందంటే చేటంత ఆకులు వేసి, అంచులు చీల్చుకుంటుంది. కుండీలో చూసినవారు గుర్తుపట్టరు.

పాఠాంతరములు: పండితులూ తక్కువ తినలేదు. మనీ ప్లాంట్‌కు 1880లో పోథాస్ అని పేరు పెట్టి, ఆపై సిండాప్సస్, రాఫిడోఫోరా అని తిప్పి, 1964లో ఎపిప్రెమ్నమ్‌లో కూర్చోబెట్టారు. అది పూయడమే బహు అరుదు. పువ్వు చూడనిదే గోత్రం చెప్పడమెలా?

హెచ్చరిక: మనీ ప్లాంట్, ఫిలోడెండ్రాన్, మాన్‌స్టెరా, వీరంతా కంద, చేమల జ్ఞాతులు. ఆకులో, కాడలో కాల్షియం ఆక్సలేట్ సూదులుంటాయి. పసిపిల్లలు నమిలితే నోరు మండి వాస్తుంది. కందకు లేని దురద కత్తిపీటకెందుకన్నారు గానీ, ఈ తీగలు కత్తిరించిన చేతికీ దురద రావచ్చును.

శంక: దొంగిలించి తెచ్చిన మనీ ప్లాంటే కలిసివస్తుందని లోకం. పొరపాటున ఫిలోడెండ్రాన్ దొంగిలిస్తే ఫలమేమి?

సమాధానము: కాడ తడిమి చూసి మరీ దొంగిలించవలెను.