బిట్ బ్యాంకులో డిపాజిట్లు

మన దేశ తీరరేఖ పొడవెంత అని నిద్రలో లేపి అడిగినా 7,516 కిలోమీటర్లని చెప్పాలి. అలా చెప్పినవాళ్లు ఉద్యోగాలు తెచ్చుకున్నారు, రిటైర్ కూడా అయ్యారు. ఈలోగా ఆ అంకె కాస్తా 11,098 అయి కూర్చుంది. సముద్రమేమీ ఊళ్లోకి రాలేదు, పొరుగు దేశమేదీ తన ఒడ్డును మనకు రాసివ్వలేదు. మారింది పటం. 1970లలో లెక్కగట్టిన పటం 45 లక్షల వంతుల కుదింపుది, ఇప్పటిది రెండున్నర లక్షల వంతులది. అప్పుడు గీత మందంలో కలిసిపోయిన ఏటి మొగలు, ఒడ్డు వంపులు ఇప్పుడు లెక్కలోకొచ్చాయి. ఆంధ్రప్రదేశ్ తీరం కూడా అలాగే 974 నుంచి 1,053 అయింది. కొలబద్ద ఇంకా చిన్నదైతే తీరం ఇంకా పెరుగుతుంది. బ్రిటన్ తీరం పొడవెంత అని మాండెల్‌బ్రాట్ అనే గణితజ్ఞుడు 1967లో ఏకంగా ఒక వ్యాసమే రాసి, అది కొలిచే బద్దను బట్టి ఉంటుందని తేల్చాడు. ఆయన మన పరీక్ష రాయలేదు కాబట్టి బతికిపోయాడు. రాసి ఉంటే నెగెటివ్ మార్కే.

జనరల్ నాలెడ్జ్ పేరుతో మనం బిట్ బ్యాంకుల్లో దాచుకుంటున్నవి ఇలాంటి డిపాజిట్లే. జవాబు ఉంటుంది, అది ఎలా వచ్చిందో ఉండదు. అంకె మారితే పాతది కొట్టేసి కొత్తది వేసుకుంటాం, ఎందుకు మారిందని అడగం. అసలు జవాబే లేని చోట కూడా ఈ బ్యాంకు చెక్కు చెల్లుతుంది. జాతీయ క్రీడ హాకీ అని తరతరాలుగా వల్లించాం. 2012లో ఒక బడిపిల్ల సమాచార హక్కు చట్టం కింద అడిగితే, ఏ ఆటనూ జాతీయ క్రీడగా ప్రకటించలేదని కేంద్రమే చెప్పింది. పరువు తీసింది హాకీది కాదు లెండి, గైడ్లది. హాకీకి ఆ బిరుదుతో పనేముంది? స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడాది, 1948లో, లండన్‌లోనే, ఒలింపిక్ ఫైనల్లో మనల్ని ఏలినవాళ్లనే 4-0తో ఓడించిన ఆట అది. ఈ ముక్క ఏ, బీ, సీ, డీల్లో పట్టదు, అందుకే అడగరు.

సంగీతానికి పట్టిన గతీ ఇంతే. కర్ణాటక సంగీతంలో మూల రాగాలైన మేళకర్తలెన్ని? 72. అక్కడితో పుస్తకం మూసేస్తారు. స, ప కదలవు. మధ్యమాలు రెండు. రిషభ గాంధారాల జతలు ఆరు, ధైవత నిషాదాల జతలు ఆరు. ఆరును ఆరుతో, ఆపైన రెండుతో హెచ్చిస్తే 72. మూడో తరగతి పిల్లవాడు చేసే గుణకారం, పదిహేడో శతాబ్దంలో వేంకటమఖి వేసిన చట్రం. మరి 29వ మేళకర్త ఏది? ధీరశంకరాభరణం. అక్షరాలకు అంకెలిచ్చే కటపయాది లెక్కలో ‘ధ’ తొమ్మిది, ‘ర’ రెండు. తిరగేస్తే 29. రాగం తన ఇంటి నంబరును పేరులోనే మోసుకు తిరుగుతుంటే, మనం దాన్ని విడిగా బట్టీ పడుతున్నాం!

లక్షలమంది రాసే పరీక్షను ఇంకెలా దిద్దుతారని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్నే. యంత్రానికి కావలసింది నల్లగా దిద్దిన గుండ్రం, దాన్ని తప్పుపట్టలేం. కానీ 72 ఎలా వస్తుందో నాలుగు ఆప్షన్లిచ్చి కూడా అడగొచ్చు. అడగకపోవడం యంత్రం చేతగానితనం కాదు, పేపరు తయారుచేసేవారి బద్ధకం. ఎక్కాలూ శతకాలూ బట్టీ పట్టే కదా మన పెద్దలు పెద్దలయ్యారని ఇంకో వాదన. నిజమే. ఎక్కం వస్తే కూరగాయల బండి దగ్గర మోసపోం. కటపయాది కూడా గుర్తుంచుకోవడానికి పుట్టిన ఉపాయమే, కాకపోతే అందులో లెక్క కూడా ఇమిడి ఉంది. పోనీ, కాలక్షేపానికి క్విజ్ ఆడుకుంటే మీకేం పోయిందంటారా? ఏమీ పోలేదు, హాయిగా ఆడుకోండి. చదరంగం ఆడినవాణ్ని సేనాపతి అనం కదా, క్విజ్ గెలిచినవాణ్ని మేధావి అనకపోతే చాలు.

ఇక పక్షులు. తెలంగాణ రాష్ట్ర పక్షి పాలపిట్ట అని అరక్షణంలో బజర్ నొక్కే పిల్లాడి కిటికీ బయట, కరెంటు తీగ మీద ఒక పిట్ట కూర్చుని ఉంటుంది. కూర్చున్నంతసేపూ చాలావరకు మట్టిరంగే, పెద్దగా చూడబుద్ధి కాదు. ఎగిరిందా, రెక్కల్లోంచి నీలం ఒక్కసారిగా బయటపడుతుంది. దసరా రోజు దాన్ని చూడటానికి జనం ఊరి పొలిమేర దాకా వెళ్తారు. ఆంధ్రప్రదేశ్ మాత్రం 2018లో పాలపిట్టను మార్చి రామచిలుకను రాష్ట్ర పక్షిని చేసుకుంది. అప్పగించిన పాఠం అప్పజెప్పే పక్షికి ఆ హోదా రావడం ఈ బిట్లన్నిటిలోకీ అర్థవంతమైన బిట్టు. గైడ్లో దిద్దుకోండి.