కట్ట మీదికెక్కిన లాగ్ బుక్కు

ఈ లాగ్ బుక్కు పుట్టింది బద్వేలులో ఒక జిరాక్సు అంగట్లో. తన కథ తానే చెప్పుకుంటోంది గానీ ‘నేను’ అనడం దానికి చేతకాదు. ప్రాజెక్టు రిపోర్టుల నడుమ పెరిగింది కదా, ‘ఈ అధ్యయనంలో’ అంటే తప్ప నోరు పెగలదు.

2020-21లో వచ్చిన డిగ్రీ సిలబస్సు ఆంధ్రప్రదేశ్ పిల్లలను మొదటి ఏడాది కాగానే 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు చెయ్యమంది. ఏ రోజు ఏం చేశారో రాసుకోవడానికే దీని జన్మ.

దీని అక్కలకు, అంటే ముందొచ్చిన లాగ్ బుక్కులకు, ఇచ్చిన అంశం ‘గ్రామాల్లో నీటి సమస్య’. పిల్లలు నెట్‌లో ఉన్నది దించి, 180 గంటలనూ ఒక్క రాత్రిలో నింపేశారు. మొదటి తేదీ నుంచి చివరి తేదీ దాకా ఒకటే సిరా, ఒకటే వాలు. వాళ్లననేం లాభం? అంత పెద్ద ప్రశ్నకు జవాబు ఊళ్లో దొరకదు, ఫోన్లోనే దొరుకుతుంది.

దీని మొదటి పేజీలో మాత్రం కాలేజీ మేడమ్ ఒక్క ప్రశ్నే రాయించింది: పోరుమామిళ్ల చెరువు శాసనం చెప్పిన ఆరు దోషాల్లో ఏవి ఇప్పుడు కంటికి కనిపిస్తాయి?

ఆ శాసనం 1369 నాటిది. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు వెయ్యిమంది కూలీలతో, వంద బండ్లతో, రెండేళ్లలో కట్టించిన చెరువది. మంచి చెరువుకు కావలసిన 12 అంగాలను, ఉండకూడని 6 దోషాలను రాతి మీదే చెక్కించారు. ఆ దోషాలేవంటే, కట్ట నుంచి నీరు ఊరడం, చవుడు నేల, నడుమ మిట్ట, నీళ్లకు మించిన ఆయకట్టు, చోటుకు మించిన నీళ్లు. ఆరోది, రెండు రాజ్యాల పొలిమేరలో ఉండటం. దీన్ని ఇప్పుడేమని చదవాలి, రెండు పంచాయతీలనా? ఏ ఫోనూ చెప్పలేదు.

మేడమ్ షరతు ఒకటుంది. రాసిన ప్రతి మాట పక్కన అది శాసనంలో చదివిందో, కంటితో చూసిందో, ఎవరైనా చెప్పిందో రాయాలి. రెండో వారానికే చిత్తుప్రతి చూపించాలి.

కట్ట కింద తడి చూడగానే ఒక పిల్ల సంబరంగా ‘ఊట’ అని రాసేసింది. పక్క మళ్లో ఉన్న ముసలాయన నవ్వాడు.

“ఊట కాదు నాయనా, కాలవ నీళ్లు దిగినాయి.”

“ఎట్లా తెలుస్తుంది తాతా?”

“కాలవ కట్టేసి నాలుగు దినాలాగి రాపో. అప్పుడూ తడుంటే ఊటే.”

ఆ పిల్ల ‘ఊట’ పక్కన ప్రశ్నార్థకం పెట్టి, నాలుగో రోజు మళ్లీ బస్సెక్కింది. తడి నేలమీద పెట్టి రాసిన ఆ పేజీ ఉబ్బిపోయింది. ఇప్పుడు అక్కల పక్కన సర్దితే స్టాఫ్ రూము బీరువా తలుపు పడటం లేదు.