అష్టమ ధాతువు

రసం, రక్తం, మాంసం, మేదస్సు, అస్థి, మజ్జ, శుక్రం అనే ఏడు ధాతువులు మానవ శరీరాన్ని నిలబెడుతున్నాయని ఆయుర్వేదం చెబుతుంది. తెలుగునాట వీధికొకరు కాకపోయినా పేటకొకరుగా తారసపడే ఒక జాతి మనుషులలో మాత్రం వీటికి తోడు ఎనిమిదవ ధాతువొకటి ప్రవహిస్తూ ఉంటుంది. అది వైద్యుల ధాతువు కాదు, వైయాకరణుల ధాతువు, అంటే క్రియాపదానికి మూలమైన శబ్దరూపం. ఈ ఎనిమిదవది ప్రకోపించిన వ్యక్తిని ధాతువాది అని వ్యవహరించవచ్చు. సంస్కృతంలో ఈ మాటకు లోహాలను పరీక్షించేవాడు, రసవాది అనే అర్థాలు ముందునుంచీ ఉన్నాయి గానీ, ఇనుమును బంగారం చేస్తానని తిరిగేవాడికీ, చిన్న మాటను మహాభాష్యం చేస్తానని తిరిగేవాడికీ స్వభావంలో పెద్ద దూరం లేదు కనుక, పేరు ఇలా చేతులు మారడం వల్ల ఎవరికీ అన్యాయం జరగదు.

ధాతువాది సాధారణంగా ఉద్యోగ విరమణ చేసినవాడై ఉంటాడు. కొలువులో ఉన్నంతకాలం ఫైళ్ల అడుగున అణిగి ఉన్న వ్యాధి, పింఛను మంజూరైన నెలలోనే బయటపడుతుంది. అతని ఇంట్లో అట్ట ఊడిపోతే గుడ్డముక్క అంటించి బతికించుకున్న శంకరనారాయణ ఇంగ్లిషు-తెలుగు నిఘంటువు ఒకటి తప్పక ఉంటుంది. అది పూజామందిరంలో లేకపోవడానికి కారణం భక్తి చాలకపోవడం కాదు, మందిరం చాలకపోవడం. ఈ జాతిలో స్త్రీలు అరుదు. వారికి ఇంటిపని నుంచి విరమణ దొరకకపోవడమే ఇందుకు హేతువు కావచ్చు. తెలుగు మాటల పుట్టుపూర్వోత్తరాలు ఎత్తుకుంటే, వినేవారు తమకూ తెలుసంటూ అడ్డు తగిలే ప్రమాదం ఉంది కాబట్టి ధాతువాది ఇంగ్లిషు మాటలనే ఆశ్రయిస్తాడు. వాటిలోనూ పలకడానికి నోరు తిరగని పెద్ద మాటలను కాక, ఎదుటివాడు అరగంటకొకసారైనా వాడక తప్పని బుల్లి క్రియలను ఎంచుకుంటాడు. అలాంటి క్రియలలో ‘సెట్’ అతనికి ఇలవేల్పు.

ఈ ఎంపికకు బలమైన ఆధారమే ఉంది. 1989లో ఇరవై సంపుటాలుగా వెలువడిన ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిషు నిఘంటువు రెండవ కూర్పులో అన్నింటికన్నా పొడవైన ఆరోపం, అంటే ఒక పదానికి నిఘంటువు ఇచ్చే వివరణ మొత్తం, ఈ క్రియదే. దానికి 430 అర్థాలు చెప్పడానికి సంపాదకులకు అరవై వేల మాటలు పట్టాయి. సూర్యుడు అస్తమించినా, విరిగిన ఎముకను వైద్యుడు సరిచేసి కట్టినా, ఉంగరంలో రాయి పొదిగినా, ప్రశ్నపత్రం తయారుచేసినా, గడియారానికి అలారం పెట్టినా, ఇంటికి నిప్పు పెట్టినా, ఎవడో పరుగు పందెంలో కొత్త రికార్డు నెలకొల్పినా ఇంగ్లిషువాడు ఈ ఒక్క మాటతోనే పని కానిచ్చుకుంటాడు. ఇన్ని అర్థాల మాటను నోట పెట్టుకున్న మనిషి ఏకాంతంగా ఉదయపు నడకకు పోలేడు. పక్కన ఒక శ్రోత ఉండి తీరాలి. పార్కులో అతన్ని చూడగానే బల్లల మీది పెద్దమనుషులు చెప్పుల కోసం వెతుక్కోవడం అతని రాకకు సూచన.

ధాతువాది ప్రవచనానికి ఒక నిర్ణీత క్రమం ఉంటుంది. మొదట ‘సెట్’ క్రియ ప్రాచీనాంగ్లంలోని ‘సెట్టన్’ నుంచి వచ్చిందనీ, అది ‘సిట్టన్’ అనే క్రియకు ప్రేరణార్థకమనీ నిరూపిస్తాడు. ప్రేరణార్థకమంటే కర్త తాను చేయక మరొకరి చేత చేయించడాన్ని తెలిపే రూపం. తెలుగులో తినడానికి తినిపించడం, కూర్చోవడానికి కూర్చోబెట్టడం ఎలాంటివో, ఇంగ్లిషులో ‘సిట్’కు ‘సెట్’ అలాంటిది. ‘లై’కి ‘లే’, ‘రైజ్’కు ‘రెయిజ్’, ‘డ్రింక్’కు ‘డ్రెంచ్’ కూడా ఈ కోవలోవేనని చెప్పి, తడిసి ముద్దవడమంటే నిజానికి తాగించబడటమే సుమా అని అతడు విశదీకరించే వేళకు, గొడుగు తేని శ్రోత ఆకాశం వంక చూడటం మొదలుపెడతాడు.

రెండవ అంకంలో ప్రవచనం ఇంగ్లండు వదిలి ఋషుల ఆశ్రమాలకు చేరుతుంది. ఇంగ్లిషు ‘సిట్’కూ, లాటిన్ ‘సెదెరే’కూ, సంస్కృతంలోని ‘సద్’ ధాతువుకూ మూలం ఒక్కటేనన్నది భాషాశాస్త్రజ్ఞులందరూ ఒప్పుకున్న మాట. సదస్సు, ఉపనిషత్తు, పరిషత్తు, ప్రసాదం ఆ ధాతువు సంతానమే. పక్షిగూటికి సంస్కృతంలో ఉన్న ‘నీడం’, ఇంగ్లిషు ‘నెస్ట్’ కూడా ఒకే మూలం నుంచి చీలినవే, రెంటికీ కూర్చునే చోటని అర్థం. లాటిన్ వైపు నుంచి ‘సెషన్’, ‘ప్రెసిడెంట్’, అడుగున పేరుకునే ‘సెడిమెంట్’ వచ్చాయి. ‘చెయిర్’ మాట గ్రీకు ‘కథెడ్రా’ దాకా వెళ్లి అదే ధాతువులో కలుస్తుంది. కాబట్టి జిల్లా పరిషత్ ఛైర్మన్ అనే హోదాలో మొదటి మాట తీసేస్తే, మిగిలిన రెండింటిలోనూ కూర్చోవడమే ఉంది తప్ప లేచి నిలబడటం ఎక్కడా లేదని ధాతువాది సెలవిస్తాడు. ప్రవచనం మొత్తం మీద జనం మనస్ఫూర్తిగా నవ్వేది ఇక్కడొక్కచోటనే. ఆ నవ్వును అతడు శాస్త్రాభిమానమని పొరబడి మరో అరగంట పొడిగిస్తాడు.

మూడవ అంకం కొంచెం సంక్లిష్టమైనది. పెళ్లిలో చదివించే స్టీలు గిన్నెల సెట్టులోని ‘సెట్’ నామవాచకం, క్రియకు బిడ్డలా కనిపిస్తుంది గానీ పుట్టింది వేరే ఇంట్లో. దాని మూలం అనుయాయుల గుంపును తెలిపే లాటిన్ ‘సెక్టా’. అది పాత ఫ్రెంచి మీదుగా ఇంగ్లిషులోకి వచ్చి, అప్పటికే అక్కడ కాపురమున్న క్రియతో కలిసిమెలిసి రూపూ రేఖా మార్చుకుంది. అనుసరించడమనే అర్థమున్న ఈ ధాతువు సంస్కృతంలో ‘సచ్’గా ఉండి, వెన్నంటి ఉండేవాడనే అర్థంలో ‘సచివుడు’ అనే మాటకు జన్మనిచ్చింది. అంటే గిన్నెల సెట్టుకూ సచివాలయానికీ దూరపు చుట్టరికం ఉంది. ఈ చుట్టరికం చెప్పినంత మాత్రాన సచివాలయంలో ఆగిపోయిన ఆదాయ ధ్రువపత్రం చేతికి రాదన్న సంగతిని ధాతువాది స్వానుభవంతో తెలుసుకున్నాడు, అయినా మానలేదు.

అతని జీవితంలోని పెద్ద విషాదం నిఘంటువు సవరణల రూపంలో వచ్చింది. ఆక్స్‌ఫర్డ్‌వారు మూడవ కూర్పు కోసం ఆరోపాలను మళ్లీ రాయడం మొదలుపెట్టాక, 2000లో ‘మేక్’, 2007లో ‘పుట్’ అగ్రస్థానాన్ని ఆక్రమించగా, 2011లో 645 అర్థాలతో ‘రన్’ అన్నింటినీ దాటిపోయింది. ఆ ఒక్క క్రియను సవరించడానికి పీటర్ గిల్లివర్ అనే సంపాదకుడికి తొమ్మిది నెలలు పట్టింది. రైళ్లు, యంత్రాలు, కుళాయిలు, దుకాణాలు, ఎన్నికల అభ్యర్థులు, కంప్యూటర్ ప్రోగ్రాములు అన్నీ ఇంగ్లిషులో పరుగెత్తేవే కాబట్టి యంత్రయుగంలో ఈ ఫలితం అనివార్యమని నిష్పక్షపాతులు అంటారు. ధాతువాది నిష్పక్షపాతి కాడు. కూర్చున్న క్రియను పరుగెత్తే క్రియ ఓడించడంలో గొప్పేముందని అతడు ఇప్పటికీ అడుగుతూనే ఉంటాడు.

ఈ వ్యాధి తీవ్రతను బట్టి రోగులు రెండు తెగలుగా విడిపోతారు. ఉత్తముడు నిఘంటువు చూడనిదే నోరు మెదపడు. అధముడికి నిఘంటువుతో నిమిత్తం లేదు. చెవికి తగిలిన పోలికే అతనికి ప్రమాణం. ‘సెట్’ మన ‘చెట్టు’ నుంచే వెళ్లిందనీ, పెట్టిన చోట కదలక ఉండేది చెట్టే కదా అనీ, సంస్కృత ‘నీడం’లోంచే మన ‘నీడ’ వచ్చిందనీ అతడు బల్లగుద్ది చెబుతాడు. ఉత్తముడికీ అధముడికీ మధ్య ఉండే వైరం ముందు దాయాదుల పొలం తగాదాలు ఎందుకూ కొరగావు. అయితే శ్రోతకు ఇద్దరి వల్లా కలిగే నష్టం ఇంచుమించు సమానమే.

ఆ నష్టం ఎలాంటిదో స్లాబు వేసే రోజున స్పష్టంగా తెలుస్తుంది. వైశాఖపు ఎండలో సెంట్రింగు మీద కూలీలు తట్టలందుకుంటూ ఉండగా, “అయ్యగారూ, కాస్త పక్కకు జరగండి, మాలు సెట్ అయిపోద్ది” అని తాపీమేస్త్రి అన్న మాట పొరుగింటి అరుగు మీది ధాతువాది చెవిన పడుతుంది. సిమెంటు గట్టిపడటం ఆరిపోవడం కాదు. నీరు సిమెంటులోని సమ్మేళనాలతో రసాయనికంగా కలవడం వల్ల జరిగే పని, అందుకే అది నీటి అడుగున కూడా బిగుసుకుంటుంది. మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటు తొలి బిగింపుకు కనీసం 30 నిమిషాలు తీసుకోవాలనీ, తుది బిగింపు 600 నిమిషాలు దాటరాదనీ భారతీయ ప్రమాణాలు నిర్దేశిస్తున్నాయి. ప్రాచీనాంగ్లానికి ఎంతసేపు కేటాయించాలో నిర్దేశించిన ప్రమాణం మాత్రం ఏదీ లేదు. మేస్త్రి పెద్దాయన మాట కాదనలేక తాపీ చేత్తో పట్టుకుని నిలబడి వింటూ ఉండగా, ప్రవచనం జర్మన్ భాషల మీదుగా లాటిన్ చేరి, అక్కడినుంచి ఉపనిషత్తుల్లోకి ప్రవేశించేసరికి, మూల ఉన్న తట్టల్లోని మాలు పారకు లొంగడం మానేసింది. “చూశావా, కూర్చోబెట్టడమంటే ఇదే!” అన్నాడు ధాతువాది. మేస్త్రి అన్నది ఇక్కడ రాయదగినది కాదు గానీ, అందులోనూ ఒక చక్కని ప్రేరణార్థక క్రియ ఉంది.

ధాతువాదిని పట్టి పీడించేది మూలార్థమే అసలర్థమన్న భ్రమ. ఎవరైనా కాఫీ నైస్‌గా ఉందంటే, ఆ మాటకు లాటిన్‌లో ‘ఏమీ ఎరుగని’ అని అర్థమని హెచ్చరించే ఈ పెద్దమనిషి, “మీరు చాలా నైస్ అండీ” అని కొత్తగా వచ్చిన అద్దెవాళ్లు తనను మెచ్చుకుంటే మాత్రం లాటిన్ దాకా వెళ్లకుండా మధ్యలోనే దిగిపోతాడు.

ఇంతగా వేళాకోళం చేశాక ఒక న్యాయమైన మాట కూడా చెప్పుకోవాలి. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువును నిలబెట్టినవారు ఈ జాతివారే. 1879లో సంపాదకుడు జేమ్స్ మరే ఇంగ్లిషు చదివేవారందరికీ విజ్ఞప్తి చేసి, పుస్తకాల్లో మాటలు వాడిన తీరును చీటీల మీద రాసి పంపమని కోరినప్పుడు, జీతం భత్యం లేకుండా లక్షలాది చీటీలు వచ్చి పడ్డాయి. ఆక్స్‌ఫర్డ్‌లో మరే ఇంటిముందు తపాలాశాఖవారు ప్రత్యేకంగా ఒక ఉత్తరాల డబ్బా నిలబెట్టవలసి వచ్చింది. బ్రాడ్‌మూర్ ఉన్మాద చికిత్సాలయంలో బందీగా ఉన్న అమెరికన్ సైనిక వైద్యుడు మైనర్ అక్కడినుంచే వేల సంఖ్యలో చీటీలు పంపాడు. కాశీలోని సంస్కృత కళాశాలలో పనిచేసి వెళ్లిన ఫిట్జ్‌ఎడ్వర్డ్ హాల్ అనే మరో అమెరికన్, తోటి పండితులతో తగవుపడి సఫోక్ పల్లెలో ఒంటరిగా ఉంటూ, ఏళ్ల తరబడి రోజూ గంటల కొద్దీ ఈ పనిమీదే కూర్చున్నాడు. కాశీ నీళ్లు తాగినవాడికి ఎనిమిదవ ధాతువు సోకడంలో ఆశ్చర్యం లేదు. 1928లో మొదటి కూర్పు పూర్తయింది; మరే అప్పటికి 13 ఏళ్ల ముందే కన్నుమూశాడు. వీరికీ మన ధాతువాదికీ ఉన్న తేడా ఒక్కటే: వారు తమకు తోచింది చీటీ మీద రాసి తపాలాలో వేశారు, ఇతడు పెళ్లి బంతిలో విస్తరి ముందు వేస్తాడు.

తెలుగువారు ‘సెట్’తో చేసుకున్న సొంత కాపురం మీద అతనికి ఉన్న కోపం వేరు. సంబంధం సెట్ అయింది, బేరం సెట్ చేశాడు, వాడికీ నాకూ సెట్ కాదు అన్న మాటలు వింటే అతనికి కడుపులో దేవినట్లవుతుంది. ఎదురింటి కాలేజీ పిల్ల, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న కుర్తీ భుజాల దగ్గర ఎగదన్నుతుంటే చూసుకుని, “ఇది నాకు సెట్ కాలేదమ్మా” అన్నప్పుడు, గుమ్మంలో ఉన్న ధాతువాది లోపలికి వచ్చి మరీ మందలించాడు. బట్టలు మనిషికి నప్పుతాయి, అమరుతాయి, పొసగుతాయి, అంతేగానీ సెట్ కావని గంటసేపు చెప్పాడు. పిల్ల “సరే తాతగారూ” అంది. ఆ రాత్రి అతనికి అనుమానం వచ్చింది, నిద్ర రాలేదు. పాత ఇంగ్లిషు నిఘంటువులు తిరగేస్తే, దుస్తులు ఒంటిమీద కుదరడమనే అర్థం ఆ క్రియకు ఉండనే ఉంది. తెల్లవారుజామున పాల ప్యాకెట్లకన్నా ముందు అతడు ఎదురింటి గంట నొక్కాడు. పొరపాటు ఒప్పుకోవడానికి కాదు, పిల్ల అన్న మాటకు ఇప్పుడు ప్రమాణం దొరికిందని, ఇక నిర్భయంగా అనుకోవచ్చని ప్రకటించడానికి.

“కుర్తీ నిన్ననే రిటర్న్ పెట్టేశామండీ అన్నయ్యగారూ” అంది పిల్ల తల్లి, కళ్లు నులుముకుంటూ.

‘రిటర్న్’ మాట లాటిన్ వడ్రంగుల తరిమెన మీద పుట్టిందని అతడు మొదలుపెట్టేసరికి పాలవాడు వచ్చాడు. ఆవిడ ప్యాకెట్లందుకుని తలుపు వేసుకుంది. పాలవాడికి ఇంకా నాలుగు వీధులు మిగిలి ఉన్నాయి, కానీ అతని సైకిలు హ్యాండిల్ మీద అప్పటికే ధాతువాది చెయ్యి ఉంది.