రీస్టార్ట్ సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: “మావైపు అంతా ఓకే సార్. ఒకసారి రీస్టార్ట్ చేసి చూడండి.”

అవతారిక: సర్వరు నుంచి పెద్ద ఫైలు కాపీ అవుతూ అవుతూ పచ్చగీత సగంలో నిలిచి, టైమవుట్ అని తెర మీద సాక్షాత్కరించిన శుభవేళ, నెట్‌వర్క్ చూసే మహానుభావుడు ఫోనులో అనుగ్రహించిన సూత్రమిది.

ప్రతిపదార్థం: సుగమం.

విశేషం: ‘ఓకే’ అనుటకు ప్రమాణమేమి? పింగ్. విండోస్‌లో అది మామూలుగా మోసేది 32 బైట్లు. ఫైలు మోసే ఫ్రేములో 1500 దాకా పడతాయి. చిన్నది దాటిందని పెద్దదీ దాటుతుందనడం హేత్వాభాసం.

ఇక్కడ ఈథర్నెట్ ధర్మం కొంత చెప్పుకోవాలి. 1973లో జిరాక్స్ పరిశోధనశాలలో రాబర్ట్ మెట్‌కాఫ్ తలపెట్టిన ఈ విద్యకు మూలం సభామర్యాద. ముందు వినాలి. ఎవరూ మాట్లాడకపోతేనే మాట్లాడాలి. ఇద్దరు ఒకేసారి నోరు విప్పితే ఇద్దరూ ఆగి, ఎవరికి తోచినంతసేపు వారు ఊరుకుని మళ్లీ మొదలుపెట్టాలి. తర్వాత వచ్చిన ప్రమాణం ప్రకారం, పదహారు సార్లూ అడ్డం తగిలితే ఆ మాట వదిలేసుకోవాలి. పదహారోసారికైనా విరమించుకోవడం! మన పుస్తకావిష్కరణ సభల్లో, అధ్యక్షుడు చీటీ పంపినా, మైకు గీపెట్టినా, కుర్చీలు ఖాళీ అయినా “ముగించే ముందు ఒక్క మాట” అనే వక్తల్లో ఈ వినయం కలికానికైనా దొరకదు. సన్మానగ్రహీత సంగతి సరేసరి. ఆయన అసలు వినడు.

ప్రకృతమనుసరిద్దాం. స్విచ్చులు వచ్చాక ఫుల్ డూప్లెక్స్‌లో ఇరువైపులా ఒకేసారి మాట్లాడుకోవచ్చు. కానీ ఒక కొసను ఎవరో 100 ఫుల్ అని చేత్తో బిగించి, రెండో కొసను ఆటోలో వదిలేస్తే, ఆటో కొసకు సంప్రదింపు వినబడక హాఫ్‌కు దిగుతుంది. ఒకరు మర్యాద పాటిస్తారు, రెండోవారు వాగుతూనే ఉంటారు. పింగ్ దాటుతుంది, ఫైలు చస్తుంది.

పూర్వపక్షం: రీస్టార్ట్ చేస్తే పోయింది కదా?
సిద్ధాంతం: కాకతాళీయం. ఉండి ఉండి వచ్చే లోపం, చేయకపోయినా కాసేపు పోతుంది. పోనీ అనుకుందామంటే, మేనేజ్డ్ స్విచ్ ప్రతి పోర్టుకూ ఇలాంటి లోపాలకు ఆనవాళ్లైన సీఆర్‌సీ ఎర్రర్లు, లేట్ కొలిజన్లు లెక్క రాసి పెడుతుంది. స్విచ్ ఆపి పెట్టగానే ఆ లెక్కలన్నీ సున్నా. ఉన్న ఒక్క సాక్ష్యం చెరిపేసి “చూశారా సార్, ఇప్పుడు క్లీన్” అంటాడు! ఇంతకీ ఇక్కడ బీరువా వెనక పోర్టులో క్లిప్పు విరిగిన ప్లగ్గు సెల్లోటేపుతో వేలాడుతోంది. ఫ్యాను వేస్తే కేబుల్ ఊగి లైటు ఆరుతోంది. దాన్ని చూడ్డానికి వంగాలి. ఫోనులో వంగలేరు కదా.

తాత్పర్యం: అయ్యా, ముందు లెక్కలు చూడండి. తర్వాత కేబుల్ మార్చండి. అప్పటికీ పోకపోతే పోర్టు మార్చండి. ఒకసారికి ఒక్కటే మార్చండి. రీస్టార్ట్ చివర చేయండి.