బరువుల శాఖ

మణికొండలో కర్రీ పాయింట్ కనిపిస్తే ఒకసారి తలెత్తి చూడండి, పై అంతస్తులో జిమ్ ఉంటుంది. కింద గుత్తివంకాయ, పైన దానికి ప్రాయశ్చిత్తం. మర్రిచెట్టు దగ్గర్నుంచి అల్కాపూర్ టౌన్‌షిప్ దాకా ఇదే వరస. అలాంటి మేడ ఒకటి ఎక్కి, "బరువులెత్తాలి బాబూ" అన్నాను. ట్రైనర్ కుర్రాడు నన్నూ నా నెరిసిన పాపిటనూ చూసి, "లేడీస్‌కి ట్రెడ్‌మిల్ చాలాంటీ" అన్నాడు. మరీ బతిమాలితే రెండు గులాబీ రంగు డంబెల్స్ చేతిలో పెట్టాడు. ఒక్కోటి కిలో! మా అమ్మ అల్లప్పచ్చడి నూరే పొత్రం వీటిని చూస్తే నవ్వి పోతుంది.

ఇంటికొస్తే మా వదిన ఫోను. "కండలొచ్చి మగరాయుడిలా అయిపోతావే!" అంత సులువుగా వచ్చేవైతే, ఏళ్ల తరబడి ప్రొటీన్ పొడి కలుపుకు తాగుతున్న మా ఎదురు ఫ్లాటు కుర్రాడికి ఈపాటికి రావద్దూ? అతగాడి ఒంట్లో ఉండే టెస్టోస్టెరాన్‌లో పదో వంతు కూడా నాకుండదు. ముట్లుడిగాక ఈస్ట్రోజెన్ తగ్గి ఎముకలు గుల్లబారతాయనీ, కండ గట్టిగా లాగితేనే ఎముక గట్టిపడుతుందనీ, రక్తంలో చక్కెరను పీల్చుకునేదీ ఆ కండేననీ డాక్టరమ్మ చెప్పిందన్నాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లోనే వారానికి కనీసం రెండు రోజులు కండరాలకు పని చెప్పమంది, ఆడా మగా తేడా లేకుండా.

"ఇంటి చాకిరీ చాలదూ?" అంది వదిన. చాలదు. మనం మోసే బిందె ఏళ్లకేళ్లు అదే బిందె. బరువు కొంచెం కొంచెం పెంచుతూ పోతేగాని కండకు కబురందదు.

కుర్రాడు సెలవు పెట్టిన పూట ఒక అమ్మాయి ట్రైనర్ వచ్చి, ఏమీ అడక్కుండా ఖాళీ రాడ్డు చూపించింది. ఖాళీదే 20 కిలోలు. "వీపు వంచొద్దాంటీ, తుంటి వెనక్కి తోసి కాళ్లతో లేపండి" అంది. ఈ ఒక్క ముక్క మా చిన్నప్పుడు నూతి దగ్గర ఎవరైనా చెప్పి ఉంటే సగం వీధి నడుములు బాగుండేవి.

ఆడవాళ్ల వెయిట్‌లిఫ్టింగ్‌ను ఒలింపిక్స్‌లోకి రానిచ్చిందే 2000లో, సిడ్నీలో. ఆ మొదటిసారే మన శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130 కిలోలెత్తి కాంస్యం పట్టుకొచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఆవిడే. 130 కిలోలంటే సరిగ్గా ఐదు బియ్యం బస్తాలు. పాతిక కిలోల బస్తాలతో లెక్కేస్తే కుదరదు. 2022లో పాతిక కిలోల దాకా ప్యాక్ చేసిన బియ్యానికి జీఎస్టీ వేశాక మిల్లులవాళ్లు బస్తాను 26 కిలోలు చేశారుగా! పన్ను తప్పింది, గులాబీ డంబెల్ అంత బరువు వచ్చి మా నడుము మీద పడింది.

అసలు చిక్కంతా ఇంట్లో వచ్చింది. పెళ్లయిన నాటి నుంచీ మా ఇంట్లో బరువుల శాఖ మావారిది. అటక మీద సూట్‌కేసు దించడం, 20 లీటర్ల వాటర్ క్యాన్ డిస్పెన్సర్ మీద బోర్లించడం, జాడీ మూతలు తీయడం. క్యాన్ సంగతి ఎత్తితే చాలు, "ఉండవోయ్, స్టాండప్ మీటింగ్‌లో ఉన్నా" అంటారు, సోఫాలో కూర్చునే. తర్వాత చొక్కా చేతులు మడత. తర్వాత ఓ మూలుగు. సాయంత్రం దాకా భుజం తడుముకోవడం.

ఒకరోజు ఆయన కాల్ ముగించుకుని వచ్చేసరికి క్యాన్ డిస్పెన్సర్ మీదుంది.

"ఎవరెత్తారు? వాచ్‌మనా?"

"నేనే."

ఆయన క్యాన్ చుట్టూ ఒక ప్రదక్షిణ చేశారు. వంకరగా పెట్టానేమోనని చూశారు. వంకర లేదు. ఆ వారమే సూట్‌కేసు శాఖ కూడా పోయింది.

నిన్న మధ్యాహ్నం ఆవకాయ జాడీ మూత బిగుసుకుంది. ఆయన తువ్వాలు చుట్టి తిప్పారు, గుమ్మానికేసి కొట్టారు, వేడినీళ్లలో ముంచారు. నేను చెయ్యి చాచాను. జాడీని గుండెకు హత్తుకుని, "ఇదొక్కటీ నాకొదిలెయ్" అన్నారు.

సరే అన్నాను. ముద్దపప్పులో ఉత్త నెయ్యే వేసుకుని తిన్నాం.